ఇంక ఆశ పెట్టుకోమంటారా?

కౌన్సెలర్‌గా నాకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు తాగుడు గురించే. రాసినవాళ్లకి ఒకరితో ఒకరికి సంబంధం లేదు, పేటలు వేరు, వయసులు వేరు, కానీ నాలుగింటిలోనూ ఎక్కడో ఒకచోట "ఆశ" అన్న మాట ఉంది. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి, ఈసారి జాగా అంతా వీటికే ఇస్తున్నాను. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

*ప్రశ్న:* మేడమ్, మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేస్తారు. ఆరేడేళ్లుగా రోజూ తాగుతున్నారు. ఇప్పటికి మూడుసార్లు డీఅడిక్షన్ సెంటర్‌లో పెట్టాం. బయటికొచ్చాక ఒకసారి రెండు నెలలు, ఒకసారి ఐదు నెలలు, మొన్న ఇరవై రోజులు బాగున్నారు, అంతే. మా పుట్టింట్లో "వాడు మారడే, నీ డబ్బులు దండగ" అంటున్నారు. నా గాజులు రెండు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి, పాప తొమ్మిదో తరగతికి వచ్చింది. ఏటా అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు మాత్రం 41 రోజులు చుక్క ముట్టరు. శబరిమల నుంచి వచ్చిన వారానికే మళ్లీ మామూలే. అంటే మానగలిగి ఉండీ కావాలనే తాగుతున్నట్టే కదా? ఇంక ఆశ పెట్టుకోమంటారా, వదిలేయమంటారా? నిజం చెప్పండి.
— ఒక సోదరి, గాజువాక

*జవాబు:* అమ్మా, నిజం అడిగారు కాబట్టి నిజమే చెప్తాను. ఆశ పెట్టుకోండి. కాకపోతే ఇన్నాళ్లూ మీరు పెట్టుకున్న ఆశ వేరు, నేను చెప్పేది వేరు.

ఆయన్ని సెంటర్ నుంచి ఇంటికి తీసుకొచ్చేటప్పుడు ఆటోలో కూర్చుని ప్రతిసారీ మీరు ఏం మొక్కుకుని ఉంటారో నాకు తెలుసు. "దేవుడా, ఇదే ఆఖరుసారి కావాలి." ఉన్న ఆశంతా తీసుకెళ్లి ఆ ఒక్క మాట మీద పెట్టేశారు. అప్పుడు ఆయన మొదటి గుక్క తాగిన రోజే అది కూలిపోతుంది, దాంతోపాటు మీరూ కూలిపోతారు. ఈ జబ్బు మళ్లీ తిరగబెట్టడం చాలా మామూలు. 2000లో అమెరికా వైద్య పత్రిక జామాలో మెక్‌లెల్లన్, ఆయన సహచరులు ఒక పోలిక చూపించారు. వ్యసనాలకి చికిత్స పొందినవాళ్లలో ఏడాదిలోపు 40 నుంచి 60 శాతం మంది మళ్లీ మొదలుపెడుతుంటే, బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లలో 50 నుంచి 70 శాతం మందికి జబ్బు మళ్లీ ముదురుతోంది. బీపీ పెరిగిందని మీ నాన్నగారిని ఎవరూ "ఈయన మారడు, డబ్బులు దండగ" అనరు కదా. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి మాత్ర మార్పిస్తారు.

ఇంకో సంగతి. మన దేశంలో 2019లో వచ్చిన జాతీయ సర్వేలో, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేలింది. మీ ఆయన ఆ గడప మూడుసార్లు తొక్కారు. ఐదు నెలలు అన్నారు చూశారా, అవి 150 సాయంత్రాలు. పనికెళ్లి, ఒళ్లు నొప్పులతో బయటికొచ్చి, వైన్ షాపు ముందు నుంచే ఇంటికి వచ్చిన 150 సాయంత్రాలు. వాటిని మీరు ఓటమి లెక్కలో వేసేశారు.

ఇక మాల సంగతి. మీ ఉత్తరంలో ఆ రెండు వాక్యాల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మీరు అది ఫిర్యాదుగా రాశారు, నాకేమో ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా విలువైన సమాచారం అదే అనిపించింది. ఆ 41 రోజులూ ఆయనకి ఏమేం ఉంటాయో ఒక్కసారి వరసగా గుర్తు తెచ్చుకోండి. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం. అందరూ "స్వామీ" అని పిలవడం, అప్పులవాడు కూడా, మీరు కూడా, పాప కూడా. సాయంత్రం ఆరు నుంచి రాత్రి దాకా, అంటే మామూలు రోజుల్లో మందు కోసం కాలు లాగే ఆ రెండు మూడు గంటలూ పూజ, భజన, భిక్ష. తాగే స్నేహితులు వాళ్లంతట వాళ్లే దూరంగా ఉంటారు, ఎవరూ "ఒక్క పెగ్గేగా" అనరు. తప్పు చేస్తానేమో అని భయమేసినప్పుడు అడగడానికి గురుస్వామి ఉంటాడు. మాల తీసేసిన రోజు ఇవన్నీ ఒకేసారి పోతాయి. "స్వామి" కాస్తా మళ్లీ "తాగుబోతు" అయిపోతాడు, సాయంత్రం ఏడు గంటలకి చేతిలో పనేమీ ఉండదు. అందుకే ఆయన కావాలని తాగుతున్నారని నేను అనుకోను. తాగకుండా ఉండటం ఆయనకి చేతనైన పనే, మాల లేని రోజుల్లో దానికి ఆసరా లేదంతే.

నా దగ్గరికి పోర్టులో కలాసీగా పనిచేసే ఒకాయన వచ్చేవారు. ఆయనదీ ఇదే కథ. "మాలలో ఉన్నప్పుడు సాయంత్రం ఏడింటికి ఏం చేసేవారు?" అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చేతులు ఒడిలో పెట్టుకుని వేళ్ల వంక చూసుకుంటూ, "కుందులు తోమేవాణ్ణండి. చింతపండు పెట్టి. నాలా ఎవరూ తోమలేరని గురుస్వామి అనేవారు" అన్నారు. అంతవరకు నా ఎదురుగా తల వంచుకుని కూర్చున్న మనిషి, ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం తల ఎత్తారు. మాల అయ్యాక కూడా రోజూ సాయంత్రం వాళ్ల వీధి గుళ్లో కుందులు తోమే పని ఆయనకే అప్పగించమని పూజారిగారిని అడిగాం. దాంతోనే అంతా అయిపోయిందని చెప్పను. డాక్టర్ మాత్రలు ఉన్నాయి, వారం వారం నా దగ్గరికి రావడం ఉంది, మధ్యలో రెండుసార్లు జారారు కూడా. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది.

అమెరికాలో స్నైడర్ అనే సైకాలజిస్టు 1990లలో ఆశ మీదే పరిశోధన చేసి, ఆశంటే ఊరికే మంచి జరుగుతుందనుకోవడం కాదన్నారు. చేరాలనుకునే చోటు ఒకటి ఉండాలి, అక్కడికి దారులు కనపడాలి, ఆ దారిన నడవగలనని తన మీద తనకి నమ్మకం ఉండాలి. మీ ఆయనకి మొదటిది ఉంది, ఏ తండ్రికి ఉండదు? మూడోది కూడా మాల రూపంలో ఏటా కనపడుతోంది. లేనిది దారి. ఆయన తాగని సమయం చూసి, ఉదయంపూట, ఒక కాగితం ఇచ్చి మాలలో ఏవేవి సాయపడ్డాయో ఆయన చేతే రాయించండి. మీరు చెప్పి రాయించొద్దు. అది పట్టుకుని ఇద్దరూ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. ఇంకో నగ కూడా తాకట్టు పెట్టి పెద్ద ప్రైవేటు సెంటర్ వెతకక్కర్లేదు, వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. తాగాలన్న తహతహ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలు ఉన్నాయి, ఆయన లివర్, కిడ్నీలు చూసి ఏది సరిపోతుందో డాక్టర్ చెప్తారు.

ఒక హెచ్చరిక, ఇది అందరికీ. రోజూ బాగా తాగే మనిషి మాల కోసమో, ఒట్టు కోసమో ఉన్నట్టుండి ఆపేస్తే ప్రమాదం. ఆఖరిసారి తాగిన 6 గంటల నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఒళ్లంతా వణుకు, చెమటలు. దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టించేవాళ్లని చూశాను. అది ప్రాణం తీసే స్థితి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ముందే డాక్టర్‌ని కలిస్తే మాత్రలతో, బీ1 విటమిన్‌తో దాన్ని దాటించవచ్చు.

ఇంకొక్కటి, మీరు రాయలేదు గానీ అడగకుండా ఉండలేను. ఆయన చెయ్యి చేసుకుంటున్నారా? ఆశ పెట్టుకోవడం అంటే దెబ్బలు ఓర్చుకోవడం అని మాత్రం ఎప్పుడూ అనుకోకండి. అలా ఉంటే పాపని తీసుకుని కొన్నాళ్లు పుట్టింట్లో ఉండండి, 181కి ఫోన్ చేయండి. దూరంగా ఉండి కూడా ఆశ పెట్టుకోవచ్చు.

*ప్రశ్న:* నమస్తే అక్కా. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చేసి ఎనిమిది నెలలుగా ఒక సెంటర్‌లో కౌన్సెలర్‌గా చేస్తున్నాను. ఆశ కలిగించాలి అని క్లాసులో చెప్పారు. కానీ ఎదురుగా కూర్చున్నవాళ్లకి ఉద్యోగం లేదు, భార్య వెళ్లిపోయింది, లివర్ పాడైంది. అబద్ధం చెప్పకుండా ఆశ ఎలా ఇవ్వాలి? మా సీనియర్ అయితే "వీళ్లెవరూ మారరు, నువ్వు టెన్షన్ పడకు" అంటారు.
— ఒక కౌన్సెలర్, మద్దిలపాలెం

*జవాబు:* మీ సీనియర్ అలిసిపోయి ఉంటారు తల్లీ, ఆ మాట పట్టించుకోకు. కానీ ఆ మాట పేషెంట్లకి వినపడకపోయినా చేరుతుందని మాత్రం గుర్తుపెట్టుకో. 1977లో లీక్, కింగ్ అనే ఇద్దరు పరిశోధకులు మద్యం చికిత్సా కేంద్రాల్లో ఒక పని చేశారు. పేషెంట్లలో కొందరిని, ఏ ప్రత్యేకతా చూడకుండా, లాటరీ తీసినట్టు ఎంచి, "పరీక్షల ప్రకారం వీళ్లు బాగా కోలుకునే రకం" అని కౌన్సెలర్లకి చెప్పారు. నిజానికి వాళ్లకీ మిగతావాళ్లకీ తేడా ఏమీ లేదు. ఏడాది తర్వాత చూస్తే ఆ కొందరిలోనే ఎక్కువమంది తాగకుండా ఉన్నారు, పనుల్లో కుదురుకున్నారు. పేషెంట్ల చెవిలో ఎవరూ ఏమీ ఊదలేదు. మారింది కౌన్సెలర్ల నమ్మకం ఒక్కటే.

నేను ఈ పనిలోకి వచ్చిన మొదటి ఏడాది జరిగింది చెప్తాను. నాలుగోసారి అడ్మిట్ అయిన ఒకాయన నా ఎదురుగా కూర్చున్నారు. ఫైల్ తిరగేస్తూ పక్కనున్న సిస్టర్‌తో "ఈయనది నాలుగోసారి" అన్నాను. తప్పు మాటేమీ కాదు, ఫైల్లో ఉన్నదే. కానీ అన్న తీరు నాకు తెలుసు. ఆయన నా మొహం చూడలేదు, నా చేతిలో పెన్ను వైపే చూస్తూ అడిగినవాటికల్లా "అలాగేనండి" అన్నారు. డిశ్చార్జి తర్వాత ఒక్క ఫాలోఅప్‌కీ రాలేదు. మనిషి తన మీద తను ఆశ వదిలేసుకుని వచ్చినప్పుడు, కొన్నాళ్లపాటు దాన్ని మనమే మోయాలి. తాకట్టు కొట్టువాడు వస్తువు దాచినట్టు. ఆయన వచ్చి అడిగే రోజున అది మన దగ్గర ఉండాలి, ఆ రోజు నా దగ్గర లేదు.

అబద్ధం చెప్పక్కర్లేదు. "మీ భార్య తిరిగొస్తుంది" అని అనకు, నీకేం తెలుసు? "లివర్ బాగైపోతుంది" అనకు, అది డాక్టర్ చెప్పాలి. ఆయన బతుకులో అప్పటికే జరిగిన నిజాన్ని వెతుకు. ఎప్పుడైనా తాగాలనిపించీ తాగని రోజు ఉందా? ఆ రోజు ఏం చేశారు? ఎవరి ఇంటికి వెళ్లారు? అలాంటి రోజు ప్రతి మనిషికీ ఉంటుంది, కొందరికి ఒక్కటే ఉండొచ్చు. కూతురి పురుడని కేజీహెచ్ ఆస్పత్రి వరండాలో రాత్రంతా తాగకుండా కూర్చున్న తండ్రిని చూశాను. ఆయన్ని ఆ వరండా గురించే మూడు వారాలు మాట్లాడించాను. విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు 1983లో మొదలుపెట్టిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే కౌన్సెలింగ్ పద్ధతి ప్రాణం కూడా అదే, మానాల్సిన కారణాలు నువ్వు వల్లిస్తే ఆయన తాగాల్సిన కారణాలు వెతుక్కుంటాడు. ఆయన నోటితోనే రానివ్వు, నువ్వు విను.

ఇంకా, కోలుకుని మూడేళ్లు, ఐదేళ్లు అయినవాళ్లని సెంటర్‌కి పిలిపించు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు కలిసి కూర్చుని మొదలుపెట్టిన ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) ఇప్పటికీ నిలబడిందంటే కారణం ఇదే. విశాఖలో కూడా మీటింగులు జరుగుతాయి, ఫీజు ఉండదు. "నేనూ ఇదే మంచం మీద పడుకున్నాను" అని ఒక మనిషి చెప్పే మాట ముందు నీ డిగ్రీ, నా అనుభవం రెండూ తక్కువే.

*ప్రశ్న:* అమ్మా, మా అబ్బాయికి 34 ఏళ్లు. తాగుడు మానిపించే పొడి ఉందట, అన్నంలో కలిపేస్తే తెలీకుండానే మానేస్తారట, పదిహేను రోజుల్లో గ్యారంటీ అని ఫోన్‌లో చెప్పారు. ఉన్న ఆశ అదొక్కటే. డబ్బు కట్టమంటారా?
— ఒక తల్లి, కంచరపాలెం

*జవాబు:* కట్టకండమ్మా. ఒకవేళ ఇప్పటికే కొనేసి ఉంటే కలపకండి. అందులో ఏముందో రాయని పొడి కన్నబిడ్డ కంచంలో వేయొద్దు. అలాంటివాటిలో డైసల్ఫిరాం కలిసి ఉంటే, ఆ సంగతి తెలియక అతను పైన మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. డైసల్ఫిరాం డాక్టర్లు వాడే మందే. కానీ మనిషికి చెప్పి, ఒప్పించి, కొన్ని పరీక్షలు చేసి ఇస్తారు, ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. తెలియకుండా ఇవ్వడం నేరంతో సమానమైన పని.

ఇంకో నష్టం కూడా ఉంది. ఏదో ఒకరోజు అతనికి తెలుస్తుంది, అమ్మ పెట్టిన అన్నం మీద కూడా నమ్మకం పోతుంది. అతను మళ్లీ లేవాలంటే పట్టుకోవాల్సింది మీ చెయ్యే కదమ్మా. 14446కి ఫోన్ చేయండి, వ్యసనాలు మానడానికి సాయం చేసే కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు. మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ హెల్ప్‌లైన్ 14416 కూడా ఉంది, తెలుగులో మాట్లాడతారు. అబ్బాయి రానంటే ముందు మీరొక్కరే కౌన్సెలర్‌ని కలవండి. చాలా ఇళ్లలో మొదట వచ్చేది తల్లే.

*ప్రశ్న:* మేడమ్, నేను ఫిషింగ్ హార్బర్‌లో బోటు సరంగుని. పద్నాలుగు నెలలు తాగలేదు. వేట నిషేధం కదా, ఖాళీగా ఉన్నాను. మొన్న మా బావమరిది పెళ్లిలో ఒక క్వార్టర్ తాగాను. ఎలాగూ పోయిందిగా అని మూడు రోజులు తాగాను. ఇప్పుడు రెండు రోజులైంది ఆపి. ఇంట్లో మాట్లాడటం లేదు. పద్నాలుగు నెలలూ వేస్ట్ అయిపోయాయి, మళ్లీ సున్నా. నా మీద నాకే ఆశ పోయింది.
— ఒక మత్స్యకారుడు, విశాఖపట్నం

*జవాబు:* తమ్ముడూ, ముందు ఒంటి సంగతి. చేతులు వణుకుతున్నా, నిద్ర పట్టకపోయినా, చెమటలు పోస్తున్నా ఈరోజే డాక్టర్‌కి చూపించుకో. ఉత్తరానికి జవాబు వచ్చేదాకా ఆగాల్సిన విషయం కాదని నీకు ఫోన్‌లో కూడా చెప్పాను, చదివే మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నాను.

సున్నా అన్నావు. బోటు నడిపే మనిషివి, నువ్వే చెప్పు. గాలి తిరగబడి బోటు రెండు మైళ్లు పక్కకి కొట్టుకుపోతే, హార్బర్ నుంచి బయల్దేరిన చోటికి వచ్చేసినట్టా? అక్కడినుంచే కదా మళ్లీ దిక్కు సరిచేసుకుంటావు. ఆ పద్నాలుగు నెలల్లో నేర్చుకున్నది నీ బుర్రలోంచి ఎక్కడికీ పోలేదు.

నువ్వు రాసినదాంట్లో నాకు భయం వేసింది ఆ క్వార్టర్ చూసి కాదు. "ఎలాగూ పోయిందిగా" అన్న మాట చూసి. ఒక్కపూట జారడాన్ని మూడు రోజులు చేసింది ఆ మాటే. అలన్ మార్లాట్ అనే సైకాలజిస్టు 1985లో తోటి పరిశోధకురాలితో కలిసి దీని మీదే వివరంగా రాశారు. ఒట్టు తప్పగానే మనిషికి వచ్చే సిగ్గు, "నా బుద్ధే ఇంత" అనుకోవడం, వీటి వల్లే ఒక్క గ్లాసు కాస్తా పూర్తి తిరగబెట్టడం అవుతుందని. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ల చేత నేను జీవితాంతం తాగనని ఒట్టు వేయించను. ఇంట్లోవాళ్లు పిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తుంటారు, దయచేసి వద్దు. ఒట్టు తప్పిన తండ్రి ఆ పిల్ల మొహం చూడలేక మళ్లీ షాపుకే వెళ్తాడు.

ఇప్పుడు ఏం జరిగిందో చల్లగా చూద్దాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రం లేదు. తెల్లారుజామున లేచే అలవాటున్న ఒంటికి పొద్దంతా పని లేదు. పెళ్లి, చుట్టాలు, "సరంగుకి ఒక్కటి పోయండి" అనే నోళ్లు. నిరుడు ఇదే నిషేధాన్ని తాగకుండా దాటావు కదా, అప్పుడు ఎలా గడిపావు? ఫోన్‌లో అడిగితే వలలు బాగుచేసే చోట కూర్చునేవాడినని, ఈసారి వెళ్లలేదని చెప్పావు. చూశావా, దారి నీ దగ్గరే ఉంది. రేపు పొద్దున్నే ఆ చోటికి వెళ్లి కూర్చో, కూలి ఇచ్చినా ఇవ్వకపోయినా. నిషేధ భృతి డబ్బులు పడితే ఏటీఎం కార్డు ఇంట్లో ఇచ్చెయ్. "నన్ను నమ్ము" అని నీ భార్యని అడగకు, ఆమెకి ఇప్పుడు ఆ ఓపిక లేదు. కార్డు చేతిలో పెట్టి, "సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉంటాను" అని చెప్పు, ఆరింటికి ఉండు. ఎల్లుండి కూడా అంతే.

అసలు కష్టం ముందుంది. జూన్ 14 రాత్రి. బోట్లకి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయలు కొట్టి, ఐసు ఎక్కించేటప్పుడు జెట్టీ మీద సీసాలు తిరుగుతాయి. రెండు నెలల తర్వాత వేటకి వెళ్తున్న ఆనందం, ఎవరినీ తప్పుపట్టలేం. ఆ రాత్రి నీ పక్కన తాగని మనిషి ఒకరు ఉండాలి, ఎవరో ఇప్పుడే అనుకో. ఓనర్‌కి ముందే చెప్పి పెట్టు, ఐసు, డీజిల్ లెక్క చూసే పని ఆ సాయంత్రం నువ్వు తీసుకో. మనసు లాగితే నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రి అయినా ఫర్వాలేదు, నంబర్ నీ దగ్గర ఉంది. వేట నుంచి తిరిగొచ్చాక ఆ రాత్రి ఎలా గడిచిందో నాకు రాయి.